గాలి గది

యాకిమాలో ఇప్పుడది టైర్ల దుకాణం.
చుయ్ బరగాన్ షట్టరెత్తి
"చూసుకోండి, గోడలు మాత్రం గోకకండి" అన్నాడు.
కొత్త రబ్బరు వాసన అడుగున
నలభై ఏళ్ళ నాటి ఉల్లిపాయ వేపుడు వాసన ఉందని
డెస్ ఒట్టేశాడు.
భుజానికి కెమెరా ఎక్కితే చాలు, డెస్ ఏదో ఒక ఒట్టు వేస్తాడు.

మా సినిమాలో అన్నీ ఉన్నాయి,
ఆర్గన్ మోత తప్ప.
వేలంలో అది ముక్కలైంది.
నిలువెత్తు గొట్టాలు ఒక చర్చి కొనుక్కుంది.
పెన్సిలంత సన్నటివి ఎవరో ఆపిల్ తోటలో కట్టుకున్నారు,
పిట్టల్ని బెదరగొట్టడానికి.
మీటల బల్ల పోర్ట్‌లాండ్‌లో ఒక గ్యారేజీలో
పాత పరుపుల కింద పడుకుంది.
గంటలూ, డప్పూ, పిల్లలు అడిగి మరీ కూయించుకున్న
నీళ్ళ పిట్టా
ఎవరి పాలయ్యాయో తెలియదు.

మార్లిస్ హబ్బెల్
పద్దెనిమిదేళ్ళు అక్కడ పిజ్జా పళ్ళాలు మోసింది.
మైకు పెట్టగానే మాట మానేసి
రెండు అరచేతులూ బల్లకు ఆనించింది.
"అది చెవులతో వినేది కాదు.
ముందు గ్లాసులో సోడా వణికేది,
తర్వాత మోకాళ్ళు.
పాట అందరికన్నా ఆఖర్న వచ్చేది."

వాయించే వెర్లిన్ ఓక్స్
నేల చీల్చుకుని పైకొచ్చేవాడట,
వెండి రంగు బూట్లతో, లిఫ్టు మీద.
ఒక శనివారం లిఫ్టు సగంలో మొరాయిస్తే
మెడ దాకా పాతేసిన మనిషిలా
తల ఒక్కటే పైకి కనిపిస్తూ
మూసేవేళ దాకా వాయించాడు.
ఆ రాత్రి గురించి చెప్పిన పదకొండు మందీ
తాము ముందు వరసలోనే కూర్చున్నామన్నారు.
ముందు వరసలో ఉండేది ఆరు కుర్చీలు.

దొరికింది ఒకే ఒక్క కేసెట్టు,
క్విన్సీ అనే పిల్లాడి ఏడో పుట్టినరోజు.
మొదటి నుంచి చివరి దాకా
పగిలిన బుడగ కోసం ఎవరో ఏడుపు.
ఆ ఏడుపు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా
వెనక, దూరంగా, ఒక కొండ కదిలినట్టు
రెండు సెకన్లు.
క్విన్సీకిప్పుడు నెత్తి మీద వెంట్రుక లేదు.
"ఏడ్చింది నేను కాదు, మా చెల్లెలు" అని
అరగంట వాదించాడు.

చివరి రోజున చుయ్ ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు:
"కింద ఒక మోటారుంది. తీసెయ్యడానికి చాలా అడిగారు,
వదిలేశాను."

ఎల్రాయ్ తన్నహిల్‌కి ఎనభై నాలుగు.
ఒకప్పుడు ఆ గొట్టాలకు జలుబు చేస్తే నయం చేసింది ఆయనే.
మెట్టుకొక్కసారి ఆగుతూ దిగాడు.
దుమ్ము తుడిచాడు, నూనె పోశాడు,
నిద్రపోతున్న కుక్కని తట్టినట్టు
ఇనుప డొక్క మీద రెండుసార్లు తట్టాడు.
చొక్కా జేబులోంచి కళ్ళద్దాలు తీస్తుంటే
ఒక చీటీ రాలింది. అరవై నాలుగు.
మూసేసిన రాత్రి ఆర్డరు.
"బోర్డు మీద నా నంబరింకా వెలగలేదు" అన్నాడు,
నవ్వలేదు.

మీట వేశాడు.

ముందేమీ లేదు.
తర్వాత ఒక మూలుగు,
తర్వాత గాలి.
పాడటానికి ఒక్క గొట్టమూ లేకపోయినా
దారి మరచిపోని గాలి
గోడలో కోసేసిన కంతల గుండా
పైన దుకాణంలోకి వచ్చింది.
టైర్లకు కట్టిన ధర చీటీలన్నీ
ఒక్కసారి లేచాయి.
మార్లిస్ బల్ల వెతుక్కుంది, దొరక్క
పేర్చిన టైర్ల మీద అరచేతులు పెట్టింది.
నా హెడ్‌ఫోన్లలో సూది ఎరుపు దాటింది,
స్వరమంటూ ఏమీ లేకుండానే.

అప్పుడే తలుపు తోసుకుని ఎవరో వచ్చాడు,
వెనక చక్రం పంక్చరట.
టోపీ తీసి, మొహం పైకెత్తి, కాసేపు నిలబడి
"కొత్త ఏసీయా, చుయ్?" అన్నాడు.

డెస్ కెమెరా ఆపలేదు.